పగిలిన రుబ్బురోలు

కొర్లగుంటలో మా సందు వెడల్పు
ఒక కారూ, పక్కకు తిరిగి నడిచే ఒక మనిషీ.
ఎదురింటి చెంగల్రాయులు గోడవారగా
పగిలిన రుబ్బురోలు దొర్లించి పెట్టుకున్నాడు.
ఆయనకు కారు లేదు.

రుయాలో నైట్ డ్యూటీ దిగి
కండ్ల మంటతో ఇంటికొస్తానా,
నా వాకిట్లో మొక్కుబడికొచ్చిన ఏ ఊరి బండో.
అద్దం మీద పెద్ద నామాలు.
లోపల ఎవరూ ఉండరు, కొండెక్కి ఉంటారు.
రోలు మాత్రం ఖాళీ జాగాకు కాపలా కాస్తా
నా వైపే చూస్తా ఉంటుంది.

ఒకసారి జరిపినా,
నడుము పట్టుకునేలా, రెండు చేతులతో.
సాయంత్రానికి చక్రంలో గాలి లేదు.
నేనూ ఊరుకోలేదు.
వాకిలి కడిగిన నీళ్లు
చూసుకోనట్టు అటే చల్లినా.
కార్పొరేషన్‌కు అర్జీ రాసినా.
వాళ్లొచ్చి, టేపు పెట్టి కొలిచి,
రోడ్డు ఎవరి అబ్బ సొత్తూ కాదని తేల్చి,
ఆయన ఇంట్లోనే కాఫీ తాగి పోయినారు.

ఎనిమిది నెలలు మాటల్లేవు.
ఆయన భార్య దేశమ్మ మాత్రం
కరివేపాకు రెబ్బకని వచ్చేది,
రోలు ఊసెత్తకుండా.

గంగ జాతర వచ్చింది.
చాటింపు పడినాక పొలిమేర దాటి నిద్ర చేయకూడదని
సందులో బండ్లన్నీ ఎక్కడివక్కడే.
తోటి వేషం నాడు
ఒళ్లంతా బొగ్గు, తలకు వేపమండలు,
ఎవడో నా కారు ముందర నిలబడి
బూతులు అందుకున్నాడు.
కారును, దాని నెంబరును, కట్టాల్సిన కంతులను,
రివర్స్ తీయడం రాని నా చేతులను,
ఆ చేతులకు లైసెన్సు ఇచ్చినోడిని,
వాడి ఏడు తరాలను.
మధ్యలో గొంతు గుర్తుపట్టినా.
"ఇరవై రెండేండ్లు ఘాట్ రోడ్డులో తిప్పినా మేయ్!
నా సుమో నిలిచిన తావు అది.
కరోనాలో బండి అమ్ముకుంటి.
తావు అమ్మలా!"

వేషంలో తిట్టిన తిట్టు తగలదంటారు.
చెంబుతో నీళ్లిచ్చినా.
గటగటా తాగి
చెంబు బానెట్ మీద పెట్టి పోయినాడు.
పక్కనే ఐదు బొగ్గు వేళ్లు.

ఆ రాత్రి సెల్లు లైటు వేసి వంగి చూసినా.
రోలు దగ్గర్నుంచి గోడదాకా
వానలు కడగలేని నల్ల మరక,
ఇంజన్ ఆయిలు చుక్క చుక్కా పడి ఎండింది.
ఎనిమిది నెలలు దాన్ని తొక్కుతానే తిరిగినా.

జాతర అయిపోయింది.
మళ్లీ మాటల్లేవు. రోలు అక్కడే ఉంది.
నిన్న పొద్దున రివర్స్ తీస్తా ఉంటే
అరుగు మీద పేపరు వెనక నుంచి, పేపరు దించకుండానే,
"రానీ... రానీ...
ఎడమకు కొట్టు... ఇంకొంచెం...
ఆ, ఇంగ చాలు."

రోలుకు బెత్తెడు దూరంలో
ఆగినాను.