నాలుగడుగుల రెండంగుళాలు

ఓబన్ రేవులో నాలుగో రోజూ వాన.
వాన అనడం కూడా ఎక్కువే,
తడిగుడ్డని సగం పిండి వదిలేసినట్టు ఏదో.
ప్రొడ్యూసర్ తమ్ముడు వ్యాన్‌లో కూర్చుని
పౌండ్లను రూపాయల్లోకి మార్చుకుని మార్చుకుని
నిట్టూరుస్తున్నాడు.
హీరోయిన్ షిఫాన్ చీర మీద రెండు స్వెట్టర్లు.
కదిరేశన్ సార్ మాత్రం
చేపల పెట్టె తిరగేసి దానిమీద కూర్చుని
ఆకాశాన్ని చూస్తున్నాడు,
పొయ్యి మీద పాలు పెట్టినవాడిలా.

నాది సూళ్లూరుపేట. ఫోకస్ పుల్లర్ని.
కెమెరా నించి కంటిదాకా టేపు పట్టి
ఎంత దూరమో చెప్పడం నా పని.
పంతొమ్మిదేళ్లుగా ఆయనకదే చెబుతున్నాను.
ఆయన వెళిచ్చం అంటాడు, నేను వెలుతురంటాను.
మొదటక్షరం కలిసింది చాలదా,
మిగతాది మీటరు చూసుకుంటుంది.

కారైక్కుడిలో పెళ్లి ఫోటోలు తీసేవాడట మొదట్లో.
పెట్రోమాక్స్ వెలుగులో
పెళ్లికూతురి ముక్కుపుడక ఒక్కటే పడిన ఫోటోకి
పెళ్లివారు డబ్బులివ్వలేదట.
అదే నా మొదటి మంచి షాట్ అంటాడు ఇప్పటికీ.
తరవాత ముప్పై ఒక్క సినిమాలు.
మొహం చీకట్లో పెట్టాడని హీరోలు అలిగేవాళ్లు.
పోస్టరు మీద ఆయన పేరు
నా చిటికెనవేలి గోరంత.

డైరెక్ట్ చేసింది ఒక్కటే.
తూత్తుకుడి ఉప్పుమళ్లలో ఒకామె కథ.
ఏడవాల్సిన సీనుకి
సూర్యుడు ఉప్పు మీద పడేదాకా
ఆమెను రాత్రంతా కూర్చోబెట్టాడు.
సూర్యుడొచ్చాడు. ఏడుపు పోయింది.
పోయినా తీశాడు.

మధురైలో పదకొండు రోజులు, మద్రాసులో తొమ్మిది.
మార్నింగ్ షోకి ఇద్దరం వెళ్లాం.
ముందు వరసలో ఎవరో నిద్రపోతూ
తెర వెలుగుకి కళ్లమీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.
"చూశావా, అంత ఎండ!" అన్నాడు సార్
నా మోచెయ్యి గట్టిగా పట్టుకుని.

కోడంబాకం ఇల్లు అప్పులవాళ్లకిచ్చేసి
మీటరు మళ్లీ మెళ్లో వేసుకున్నాడు.
ఒకప్పుడు మాకు క్లాప్ కొట్టిన కుర్రాడు
ఈ పాటకి డైరెక్టరు.
వాడితో "రెడీ సార్" అంటుంటే
నేనే ట్రాలీ కింద ఏదో వెతుక్కుంటాను.

మూడూ నలభైకి మల్ ద్వీపం మీద మబ్బు చిరిగింది.
ఒకటే గోల. స్వెట్టర్లు విప్పండి, రిఫ్లెక్టర్ పట్టండి,
ఆ పిల్ల జడ సరిచెయ్యండి.
సార్ కెమెరా భుజానికెత్తుకుని
అటు తిరిగాడు.
పీతలమ్మే ముసలామె,
ఆప్రాన్ మీద మోరాగ్ అని కుట్టుంది,
గాలికి చెయ్యి అడ్డం పెట్టి సిగరెట్ వెలిగించుకుంటోంది.
మడతలు పడ్డ చెంప. దానిమీద ఆ వెలుతురు.

"దూరం?"

పరుగెత్తాను.
టేపు కొస ఆమె కనురెప్ప పక్కన పట్టుకుంటే
నవ్వి ఏదో అంది,
ఇంగ్లీషో కాదో కూడా నాకు తెలీలేదు.
నాలుగడుగుల రెండంగుళాలు, సార్.

పద్నాలుగు సెకండ్లు. మబ్బు మూసుకుంది.

కుర్ర డైరెక్టరు వచ్చాడు ఒగురుస్తూ:
"సార్, ఇది పాటలో ఎక్కడొస్తుంది?"
"ఎక్కడా రాదు తంబీ" అని
మళ్లీ పెట్టె మీద కూర్చున్నాడు.

టేపు చుడుతుంటే వేళ్లకి ఉప్పు తగిలింది.
చిప్స్ తిన్న చేత్తోనే పట్టుకున్నానేమో.