తొమ్మిదో జెండా

మూడూ ఇరవైకి బెల్లు కొడితే
ఎనిమిదో తరగతి ఒక్క ఊపున గుమ్మం దాటుతుంది.
కుర్చీలు బల్లలమీదికి ఎక్కించి,
ఎవరో మర్చిపోయిన లంచ్ డబ్బా కిటికీలో పెట్టి,
భిన్నాల పరీక్ష కాగితాలు, ఇరవై మూడు,
కారు వెనకసీట్లో పడేస్తాను.
వాటి పక్కన ఎప్పుడూ ఒక ఇనప పట్టీ, పొడుగాటి పిడితో.
అది బడిది కాదు.

గోధుమ గాదెల అవతల,
రైలు ఆగడం మానేసిన స్టేషన్ అవతల
మా ఊరి గోల్ఫ్ కోర్సు.
గోల్ఫ్ అనగానే మీకు పచ్చటి తివాచీ గుర్తొస్తే
క్షమించాలి.
విమ్మెరాలో పచ్చదనం జూన్‌లో వచ్చి
అక్టోబరుకల్లా సెలవు పెడుతుంది.
ఇక్కడ గ్రీన్ అంటే నల్లటి ఇసక,
గాలికి లేవకుండా వాడేసిన ఇంజనాయిల్ కలిపిన ఇసక,
గుండ్రంగా, చిన్న కళ్లం అంత.

బుధవారాలు నా వంతు.
నడిమధ్య గుంట దగ్గర మొదలుపెట్టి
పట్టీ లాగుతూ చుట్టూ చుట్టూ చుట్టూ
నా అడుగులు నేనే చెరుపుకుంటూ వస్తాను.
కళ్లాపి చల్లిన వాకిలిలా తేరుకుంటుంది నేల.
దానిమీద మొదటి ముగ్గు మాత్రం కంగారూది,
రాత్రికి రాత్రే:
రెండు పాదాలు, మధ్యలో తోక గీత.

సభ్యులం పదకొండుమందిమి.
ఇద్దరు ఆడలేరు, ఒకరు ఆడనని ఒట్టేసుకున్నారు.
కార్యదర్శి నోలీన్ గారికి డెబ్బయ్యెనిమిది.
ట్రాక్టరు ఆమెదే, స్కోన్లు ఆమెవే,
కోపం కూడా క్లబ్బంతటికీ సరిపడా ఆమె దగ్గరే.
తలుపు పక్కన రుసుము డబ్బా,
ఆటకి పది డాలర్లు, నమ్మకం మీద.
పోయిన నెల తెరిస్తే
ముప్ఫై డాలర్లు, ఒక చొక్కా గుండీ,
"చిల్లర లేదు, మళ్లీ వస్తాను" అని ఒక చీటీ.
చీటీని కూడా నోలీన్ గారు
ఆస్తుల పట్టీలో రాసుకున్నారు.

నేను ఆడతానా అని అడక్కండి.
చిన్నప్పుడు బిళ్ళంగోడులో
బిళ్ళకంటే కర్రే ఎక్కువ దూరం పోయేది నాకు.
ఇక్కడా అదే విద్య.
మూడు దెబ్బల్లో తేలాల్సిన చోట పద్నాలుగు.
తొమ్మిదని రాసుకోబోతే వెనకనుంచి,
"పద్నాలుగు, మిస్."

టెగన్.
క్లాసులో ఈ ఏడు ఒక్కసారీ చెయ్యెత్తని పిల్ల.
తల్లి లారీ తోలుతుంది,
బుధవారాలు ఆరుదాకా ఇంట్లో ఎవరూ ఉండరు.
కంచె మీద కూచుని నన్ను లెక్కపెడుతోంది.

ఆ మరుసటి వారం బోర్డుమీద పార్ అని రాసి
కింద సున్నా పెట్టాను.
దానికి ఒకటి తక్కువైతే? మూడు తక్కువైతే?
రెండేళ్లుగా ఋణసంఖ్యలు ఎక్కని బుర్రలు ఇటు తిరిగాయి.
"తక్కువ మార్కులొచ్చినవాడే గెలుస్తాడా అక్కడ?"
చివరి బల్లనుంచి డారిల్,
గొంతులో మొదటిసారి ఆశ.

ఇప్పుడు కౌన్సిల్ ఉత్తరం.
లీజు డిసెంబరు దాకానేనట,
సభ్యులు ఇరవైమంది అయితే ఆలోచిస్తారట.
అందులో రెండు తప్పులు ఎర్ర పెన్నుతో దిద్దాను, చేతి అలవాటు.
జవాబు రాద్దామని కూచుంటే భిన్నాల కాగితాలు అడ్డం.
ఇరవైకి పదకొండు,
సగానికి పైనే ఉన్నాం అని రాసి
కొట్టేశాను.

నాకేం కావాలో చెప్పనా?
శనివారం పొద్దున పిల్లలకి అరపూట ఆట.
కోసి పొట్టివి చేసిన పాత క్లబ్బులు కొన్ని.
నీళ్లొచ్చే కుళాయి ఒకటి.
తొమ్మిదో గుంటకి సరైన జెండా.
ఇప్పుడున్నది నోలీన్ గారి వంటింటి తెర, నిమ్మకాయల బొమ్మలది.
పోనీ, అదలాగే ఉండనివ్వండి.

నిన్న బుధవారం.
స్టాఫ్ మీటింగు ఐదుంపావుదాకా సాగింది.
మసక చీకట్లో పరిగెత్తాను.
తొమ్మిదో ఇసక అప్పటికే చదునై ఉంది,
కంచె పలక ఒకటి పక్కన పడి ఉంది.
వంకర చుట్లు, బయటినుంచి లోపలికి లాగినవి.
లాగినవాళ్లు మధ్యలో చిక్కుకుపోయి
గెంతి బయటపడ్డట్టు
ఒకే ఒక్క బూటు గుర్తు, చిన్నది.

ఎటునుంచి మొదలుపెట్టాలో వచ్చేవారం చెప్పాలి.
గుర్తు చెరపలేదు.
వెనకసీట్లో కాగితాలు ఇంకా ఇరవై మూడు.