లెక్క తప్పిన చుట్లు

ఇంకా అజాన్ కాలే.
అచ్చంపేట బస్టాండు ఎనక
షట్టరు సగం దించుకొని
వార్నిషు వాసనల జానిమాజ్ పరుచుకున్న.
వజూ చేస్తే నీళ్లు మోచేతుల దాంక పోయినయ్ గని
గోర్ల సందుల నలుపు పోలే.
ఇరవై ఏండ్ల మోటర్ల నలుపు,
అది నీకు ఎరికైందే.

హుర్మత్ దాదీ నేర్పిన దుఆ ఒకటుండె.
బీడీలు చుట్టుకుంట, దారం పండ్లతోని తెంపుకుంట
ఒక్కో మాట నా నోట్ల పెట్టింది.
'హమ్' అంటే రేపటి రంది బిడ్డా,
'హజన్' అంటే నిన్నటి ఏడుపు.
నడుమ ఉన్న ఈ పొద్దును
అరబ్బీల ఏమంటరో
ఆమె చెప్పలే, నేను అడగలే.

యా అల్లా,
ఇయ్యాల ఆ దుఆ సగంల తెగింది.
అందుకే తెలుగుల అడుగుత.
బోరు మోటర్లు ఏ భాషల మొత్తుకుంటయో
తెలిసినోడివి,
నా భాష తెల్వకుంటదా నీకు.

ముందుగాల కుర్మయ్య మోటరు సంగతి.
ఐదు హార్స్‌పవర్‌ది, కాలిపోయి వచ్చింది.
పల్లిచేను పూత మీదుంది తమ్మీ అన్నడు,
పైసలు ఎంచకుంటనే చేతుల పెట్టిండు.
రాగికి పైసలు తీసుకొని
నేను అల్యూమినియం చుట్టిన.
మిగిలిన రాగిని పాతసామాన్ల కాడ తూకమేస్తే
ముల్లు నిటారుగ నిలవడ్డది,
వెంట్రుక వాసి అటు ఇటు గాలే.
తక్కెడ అబద్ధం ఆడలే.
అక్కడున్నోళ్లల్ల నేనొక్కన్నే ఆడిన.

ఫైనాన్స్ నర్సింలు పిల్లల ముందట తిట్టిండని,
చిన్నదాని బడి ఫీజు బాకీ ఉందని
నీకు చెప్పుకుందామనుకున్న.
అన్నీ నిజాలే.
కని ఆ రాత్రి అవ్వేవీ యాదికి రాలే యా రబ్,
చెయ్యి ఊకెనే పోయింది,
చీకట్ల స్విచ్చి కోసం పోయినట్టు.

పదకొండు దినాలకు మోటరు మళ్ల కాలింది.
కుర్మయ్య నన్నేమనలే.
'నా నసీబు గట్లుంది' అన్నడు.
మా ఇంట్ల మాట
ఆయన నోట్ల నుంచి వచ్చి కొట్టింది.
తిట్టినా బాగుండు.
ఆయన మొఖం చూడలేక
కటింగ్ ప్లేరు దేవులాడినట్టు కిందికి వంగిన.
నీ ముందట ఎన్నడూ
అంతసేపు వంగలే నేను.

ధైర్యం ఇయ్యమని అడుగుదామనుకున్న.
అంత పెద్దది వద్దు,
దాన్ని గూడ అమ్ముకుంటనేమో.
ఇంత ఇయ్యి చాలు:
కుర్మయ్య ఇంటి ముందట బండి ఆపినప్పుడు
ఆయన కుక్క మొరుగుతే
మళ్ల తిప్పుకొని రాకుంట ఉండేటంత.
నిన్న తిప్పుకొచ్చిన.
మొన్న గూడ.

సజ్దాల నుదురుకు ఏదో గుచ్చుకుంది.
చెయ్యి పెట్టి చూస్తే రాగి తునక,
బియ్యపు గింజంత,
తెగిన కాడ ఎర్రగ మెరుస్తున్నది.
ఎప్పటిదో, ఎవలి మోటరుదో.
దీన్ని నీ జవాబు అనుకోను యా అల్లా,
నా దుకాణం నిండ ఇవ్వే ఉంటయ్.

ఫజర్ నమాజ్ అయి వచ్చేసరికి
దేవరకొండ బస్సు స్టార్టయి వణుకుతున్నది.
దుఆల తెగిన ముక్క ఇంకా యాదికి రాలే.
షట్టరు పూరా లేపిన.
కుర్మయ్య మోటరు మూలకు పండుకొని ఉంది,
పొట్ట విప్పి, నా దొంగతనం అంత బయటికి పెట్టుకొని.
ఇన్వర్టరు అమ్మి తెచ్చిన కొత్త రాగి
బాబిన్‌కు ఎక్కిస్తున్న.
ఒకటి, రెండు, మూడు...
దాదీ తస్బీ తిప్పినట్టు బొటనేలు కదులుతున్నది.
నలభై కాడ లెక్క తప్పిన.

విప్పి
మళ్ల మొదలుపెట్టిన.