ముప్పావు దాకా

లేసు కార్మికుల సహకార సంఘం, నరసాపురం.
మూడో అంతస్తు, పదిహేడో నంబరు.
నలభై రెండు మెట్లు.
మోకాళ్లు అమ్మేయమన్నాయి,
అందుకే అమ్ముతున్నాను.
వేరే కథేమీ లేదు.

డాక్యుమెంటు రైటరు సత్తిరాజు గారు
కళ్లజోడు నుదుటి మీదకి తోసి
"ఆయ్, పావు కొన్నట్టు ఉందండి,
అర అయినట్టు ఉందండి,
ముప్పావు దాకా రిజిస్టరు అయ్యుందండి.
ఆఖరి పావు ఏదండి?" అన్నారు.

ఆఖరి పావు కట్టాను.
తుపాను ఏడాది, కరెంటు లేని నెలలో
కొవ్వొత్తి పెట్టుకుని అల్లిన అరవై డజన్ల డోయిలీలు.
చూపుడువేలి మీద కాయ ఇంకా ఉంది,
కావాలంటే దాన్ని రిజిస్టరు చేసుకోండి.

సెక్రటరీ పేరయ్య గారు తడి వేలితో నోట్లు లెక్కపెట్టి
"రేపు దస్తావేజు రాయిద్దాం సువార్తమ్మా" అన్నారు.
రేపు ఆదివారం వచ్చింది.
తర్వాత ఆయనకి పక్షవాతం వచ్చింది.
తర్వాత సంఘానికి తాళం వచ్చింది.

మొదట తొంభై తొమ్మిదేళ్ల లీజు అన్నారు.
నాకప్పుడు ముప్పై ఒకటి.
కూడి చూసుకుని నవ్వుకున్నాను:
నూట ముప్పై ఏళ్ల ముసలిదాన్ని
నలభై రెండు మెట్లు దిగి వెళ్లి
తాళం చెవులు తిరిగిస్తానన్నమాట.

అప్పుడెవరూ అడగలేదు గానీ
ఇప్పుడు రాత్రిళ్లు నేనే అడుగుతున్నాను,
ఈ ఇంట్లో సంఘం వాళ్ల పావు ఎక్కడ?
వంటగట్టు నాదే, మసి సాక్ష్యం.
కిటికీ నాదే, దాని వెలుతురులోనే
నా కళ్లు రెండూ అరిగిపోయాయి.
మంచం వేసిన మూల నాదే,
ఏసుదాసు అక్కడే పోయాడు.
ఇక మిగిలింది స్నానాల గదిలో కారే కుళాయి.
అది సంఘానిదే అయ్యుంటుంది,
ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ బాగుచెయ్యలేదు.

ఈసీ తీయించాను.
అందులో నా పేరు మూడుసార్లు,
మూడు రకాల తప్పులతో.
ఏలూరు వెళితే జిల్లా విడిపోయింది, భీమవరం వెళ్లమన్నారు.
భీమవరంలో, మనుషులం వచ్చేశాం గానీ
బీరువాలు ఏలూరులోనే ఉండిపోయాయన్నారు.
తిరుగు బస్సు కిటికీలోంచి రొయ్యల చెరువులు,
చీకట్లో ఏరేటర్లు
నీళ్లని కొడుతూనే ఉన్నాయి, కొడుతూనే ఉన్నాయి.

పేరయ్య గారి కోడలు అటక మీంచి అట్టపెట్టె దింపింది.
రశీదు పుస్తకానికి అంచులే మిగిలాయి,
నడుమంతా చెదలు అల్లిన డిజైను.
అంత సన్నపు పని నా వల్ల కాదు.

నా దగ్గరున్నది పాసుపుస్తకం.
చివరి పేజీలో పెన్సిలుతో "మొత్తం ముట్టినది".
కింద సంతకం ఉండాల్సిన చోట
ఎవరో టీ గ్లాసు పెట్టిన గుండ్రటి మరక.

కొనేవాళ్లు చిన్నవాళ్లు.
అతను హేచరీలో పనిచేస్తాడు, వస్తే గుమ్మం దాకా ఉప్పు వాసన.
ఆ అమ్మాయి, లిఖిత, అప్పుడే కర్టెన్లకి కొలతలు తీసుకుంది.
బ్యాంకు వాళ్లు ముప్పావు ఇంటికి లోను ఇవ్వరట.
బ్రోకరు మెల్లగా దగ్గరికి జరిగి
"ముప్పావు ధరకి తేల్చేద్దామా" అన్నాడు.
ఏమయ్యా, నువ్వెక్కి వచ్చినవి
ముప్పావు మెట్లేనా?

చివరికి, కాగితం పోయిందని చెప్పే కాగితం ఒకటి
వంద రూపాయల స్టాంపు మీద రాయించాం.
ఉన్న కాగితాలన్నిటికంటే అదే అందంగా ఉంది.
పేపర్లో ప్రకటన వేశాం,
అభ్యంతరాలుంటే పదిహేను రోజుల్లో తెలుపవలెనని.

ఇవాళ్టికి పధ్నాలుగు.
ఎవరూ రాలేదు.
మెట్ల మీద చెప్పుల చప్పుడైతే చాలు
లేచి కూర్చుంటున్నాను.
పేరయ్య గారేమో, రశీదు చేత్తో పట్టుకుని,
కాస్త ఆలస్యమైందమ్మా అంటూ.

లిఖిత ఫోను చేసింది.
"ఆ కుళాయి మేం వచ్చాక బాగుచేయించుకోమా ఆంటీ?"

ఆగమ్మా, అన్నాను.
ఎవరిదో తేలనీ.