నాలుక్కి హారన్

తూపిలిపాళెం ఇసకలో వ్యాను ఆపి
దొరసామి ముందే చెప్పేసినాడు:
"నాలుక్కి హారన్ కొడతా.
రానోళ్ళు తిరుపతికి నడిచి రండి."

నలుగురం టైలరమ్మలం.
మెడలో టేపు లేని బుధవారం.

సముద్రాన్ని చూసి రెడ్డెమ్మ
"ఇంత గుడ్డకి అంచు ఎవురు కుడతారే?" అనింది.
నవ్వలేక నాకు చిత్రాన్నం పొలమారింది.

గుల్జార్ చెప్పొకటి అల ఎత్తకపోయింది.
రెండోది తనే విసిరేసింది,
"ఒంటి చెప్పుతో అదేం చేసుకుంటుంది, పాపం!"

మోకాళ్ళ దాకా తడిసి
ఎవురి కొలతలూ గుర్తు రాలేదు.
హారన్ మోగింది.
ఎవురమూ కదల్లా.
మళ్ళీ మోగింది.

గురువారం, గాంధీ రోడ్డు అంగట్లో
ఎవురిదో పెళ్ళి జాకెట్టు కుడతా ఉంటే
మిషను కింద కిరుక్కుమనింది ఇసక.

నూనె వెయ్యమనింది ఓనరమ్మ.
వేసినట్టే చేసినా.