మూడు బొగ్గువాగులు

మా కౌంటీ పటంలో బొగ్గువాగులు మూడు.
రాతిబొగ్గు పాయ వేరే ఉంది,
కొవ్వొత్తిబొగ్గు లోయ వేరే,
నెమలిబొగ్గు అనే ఏడిళ్ళ ఊరు వేరే.
అవి కాక మూడు.

పేర్లు పెట్టినవాళ్ళకి తీరిక లేదు.
నాగలి కర్రు నల్లబడి పైకొస్తే ఒక పేరు.
వరద గట్టు కోసుకుపోయాక
మట్టిలో ఏదో నిగనిగలాడితే ఒక పేరు.
ఒక పెంకు వెలిగించి
దాని వెలుతురులో బైబిలు చదవగలిగితే, కొవ్వొత్తిబొగ్గు.
విరిచిన ముక్క మీద
నీలం, ఆకుపచ్చ జారితే, నెమలిబొగ్గు.
కెంటకీ కొండల్లో అప్పటికి
నెమలిని చూసినవాడెవడో నాకు తెలీదు.

కంపెనీలు రాకముందు మాట ఇది.
సాయంత్రం గునపం పుచ్చుకుని వాగులోకి దిగి
రాత్రికి సరిపడా పెళ్ళగించుకొచ్చేవారట,
దొడ్లోకెళ్ళి పాలు పితుక్కొచ్చినట్టు.
రాక్షసి బొగ్గు.
పగలంతా మామూలు రాయి,
పొయ్యిలో పడ్డాక పళ్ళు బయటపెట్టేది.

కిందటి జనవరిలో, మంచు రాత్రి,
డెల్ఫియా టాకెట్ ఫోన్ చేసింది.
వంటింట్లో ఓర్బిన్ పడిపోయాడు.
ఎక్కడమ్మా అంటే, బొగ్గువాగు, అంది.
ఇంకేమంటుంది?
డెబ్భై ఆరేళ్ళుగా అదే అంటోంది.
అంబులెన్సు రెండో బొగ్గువాగుకి వెళ్ళింది.
చర్చి దగ్గర వెనక్కి తిప్పుకుని
మూడోదానికి వెళ్ళింది.
మొదటిదానికొచ్చేసరికి యాభై నిమిషాలు.
డెల్ఫియా వరండా లైటు వేసి, ఆర్పి, వేసి, ఆర్పి
నిలబడే ఉంది.

ఆ తర్వాత తీర్మానం:
ఒక దారికి ఒకే పేరు, ఒక పేరుకి ఒకే దారి.
అట్టకి కాగితాలు బిగించుకుని
నేను బయల్దేరాను, అది నా ఉద్యోగం.
ఆఫీసువాళ్ళిచ్చిన జాబితాలో
ఉదయకాంతి మార్గం ఉంది, మేపుల్ నీడ ఉంది,
జింకల బాట ఉంది.

‘జింకలా?’ అంది వెర్లీ స్టిడమ్ గుమ్మంలోనే.
‘ఉన్నవాటిని మా తమ్ముడు ఎప్పుడో తినేశాడు.’
బొగ్గు మాత్రం ఉందా, గని మూసి
ముప్ఫై ఏళ్ళయింది కదా, అన్నాను.
ఆమె నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.
‘ఇంటిపేరు చచ్చినవాళ్ళదే అబ్బాయ్.
బతికున్నవాళ్ళం వాడుకుంటాం, అంతే.’
కాగితం మీద ఏం రాయాలో తోచక
‘ఇంట్లో లేరు’ అని రాశాను.

మార్చిలో బడి జిమ్ములో మీటింగు.
మడత కుర్చీలు, చల్లారిన కాఫీ,
మూడు వాగులవాళ్ళూ మూడు వరసల్లో.
మాది పాతదంటే మాది పాతదని.
ఎవడో ముత్తాత సమాధిరాయి ఫొటో తెచ్చాడు.
డెల్ఫియా లేచేసరికి నిశ్శబ్దమైంది.
అందరం ఓర్బిన్ పేరు అడుగుతుందనుకున్నాం.
ఇవ్వడానికి సిద్ధపడే ఉన్నాం.

ఆమె అడగలేదు.
‘మాది మార్చండి’ అంది.
‘పేరు కోసం కూచుంటే ఇంకోడికి ఆలస్యమవుతుంది.
కానీ ఈ జింకలూ గింకలూ వద్దు.
ముందటివాళ్ళు వాగులోకి చూసి పేరు పెట్టారు.
మీరూ చూసి పెట్టండి.’

చూశాం.
మూసిన గని కడుపులోంచి
ఏడాది పొడుగునా ఊరే నీళ్ళు,
చేపలేని నీళ్ళు, నారింజ రంగు బురద,
కాలు పెడితే మేజోడు ఆ రంగు వదలదు.

తుప్పువాగు రోడ్డు.
ఆకుపచ్చ బోర్డు మీద తెల్లక్షరాలు.
కమిషనర్ మొహం చిట్లించాడు,
పర్యాటకులు ఏమనుకుంటారని.
ఏ పర్యాటకులు, అంది వెర్లీ, వెనక వరసలోంచి.

మేలో బోర్డుకి ఎవరో తుపాకీతో
రెండు బొక్కలు పెట్టారు.
ఉత్తరాలు ఇంకా పాత పేరుకే వస్తాయి,
పోస్టుమాన్‌కి తెలుసు, చేరుస్తాడు.
అంబులెన్సు ఈసారి పదకొండు నిమిషాల్లో వచ్చింది,
వెర్లీ కోసం.
ఆసుపత్రినుంచి తిరిగొచ్చి
దారి పేరు బాగాలేదని మళ్ళీ ఫోన్ చేసింది.

ఫైలు ఇంకా మూయలేదు.
బొగ్గువాగులు ఇంకా రెండున్నాయి.
ఒకదాని ఒడ్డున నా ఇల్లు.