వాటా వేయనిది

ఫో ఛూ తండ్రి, మో ఛూ తల్లి,
పునాఖా కోట గోడ కింద కలుస్తారు.
మేం దిగింది తండ్రి వైపు.
మంచు కరిగిన నీళ్ళు; పాదం పెడితే
మడమ నుంచి దవడ దాకా జివ్వుమంది.

థింఫూలో మాకు సెలవంటే నిద్ర.
ఈసారి నిదుప్ పట్టుబట్టాడు. పదకొండేళ్ళవాడు,
గీతల నోటుబుక్కులో ఇరవై మూడు పేర్లు,
ప్రతి పేరు పక్కన ఖాళీ గడి.
ఆఖరి పేరు చుట్టూ రెండు సున్నాలు:
తెల్లపొట్ట కొంగ.
లోకమంతా గాలించి తెచ్చినా
ఒక పెళ్ళి బంతికి చాలవన్నాడు గైడు లోటే.

లైఫ్ జాకెట్టు కిరా మీదే తొడిగించుకుంది అత్త.
బుగ్గన పెట్టిన ఆకూవక్కా మాత్రం ఉమ్మనంది.
"మునిగితే ఎర్రగా మునుగుతాను,
వెతకడం సులువు."

గెంబో ముందు కూర్చున్నాడు.
రోడ్ల శాఖ ఇంజనీరు, నదులంటే ఆయనకి
కొట్టుకుపోయిన వంతెనల లెక్క.
ఈత రాదు. ఆ సంగతి నాకు తెలుసు,
తెడ్డుని చీపురులా పట్టుకున్న ఆ పిడికిలికి తెలుసు.

మొదటి సుడి. "ముందుకి! ముందుకి!"
పలుపు తెంచుకున్న దూడలా పడవ.
పెల్డెన్ కేక సగంలో ఉండగానే
నది వచ్చి దాని నోట్లో కూర్చుంది.
దగ్గి, తుమ్మి, మళ్ళీ కావాలంది.

ఆ గంటలో మేం చూసినవి:
రెక్కలారేసుకున్న నీటికాకులు నాలుగు.
రాయి మీద తోకతో కొలతలు తీసే చిన్న పిట్ట.
అవతలి గట్టున అడవిపంది. నిదుప్ టిక్కు పెట్టబోతుంటే
"ఆవురా" అంది నాయనమ్మ. ఆవే.
నీటికుక్క ఒకటి తల తేల్చి
మమ్మల్ని లెక్కబెట్టి మునిగింది.
దానికి టిక్కు పెట్టే తొందరలో
తడి కాగితం చిరిగింది.

ఇసుక తిన్నె మీద భోజనం.
ఎర్రన్నం, మిరపకాయల జున్నుకూర,
ఉడికిన గుడ్లు నాలుగు, మనుషులం ఆరుగురం.
పెళ్ళయినప్పటి నుంచి నా ఉద్యోగం ఇదే.
గుడ్డుని ఎక్కడ కోస్తే తగువు రాదో
దారానికి తెలుసు, నాకు తెలుసు.
ఎవరికి ఎక్కువ వెళ్ళిందో
నా కంచం చూస్తే చాలు.

కోట కనబడే ముందు ఒక వంపు.
ఎడమ పక్క వేలాడే వంతెన, దాని నిండా జెండాలు,
పైనుంచి ఎవరో చేయి ఊపుతున్నారు,
అందరూ అటే.
నేను ఇటు తిరిగాను,
ఇంకేం లేదు, జడ పిండుకుందామని.

రాళ్ళలో ఒక రాయికి మెడ ఉంది.

బూడిద రంగు. కింద కొంచెం తెలుపు.
అది వేటాడటం లేదు, ఎగరడం లేదు,
నిలబడింది.
దాని కాళ్ళ దగ్గర నీళ్ళు చీలి, కలిసి, వెళ్ళిపోతున్నాయి.
"నిదుప్" అన్న పిలుపు
గొంతు దాటి వచ్చింది. పళ్ళ దగ్గర ఆపాను.

కేకలు వేస్తారని, ఫోన్లు తీస్తారని,
బెదిరి లేచిపోతుందని,
ఇవన్నీ తర్వాత కూర్చుకున్న సాకులు.
అప్పుడు అనిపించింది ఒక్కటే:
ఇది నాది.

వంపు తిరిగింది. జకరండా పూల వెనక కోట.
అందరూ తెడ్లు పైకెత్తారు. నేనూ ఎత్తాను.

రాత్రి గదిలో నిదుప్ ఆఖరి గడిలో
ములుకు విరిగేంత గట్టిగా అడ్డగీత కొట్టాడు.
"మళ్ళీ వద్దాంలే," బూట్లలో ఇసుక దులుపుతూ గెంబో.
నేను వాడి దుప్పటి సర్దాను.
సర్దాల్సిన దానికన్నా ఎక్కువసేపు సర్దాను.

పిల్లలు నిద్రపోయాక
అత్త జపమాలలో ఒక పూస దాటించి,
గోడ వైపు చూస్తూ,
"మెడ మరీ పొడుగు దానికి" అంది.

ఇంకో పూస.

తర్వాత వక్కల డబ్బా తెరిచి
ఆకు మడిచి, సున్నం రాసి,
ఎప్పుడూ చేసేటట్టు తుంచకుండా
మొత్తం నా చేతిలో పెట్టింది.